ముద్ర ఎవరి చేతిలో ఉన్నది? ఆన్‌లైన్ పాఠపు పుటల స్వయంచాలక నిర్వహణపై ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతము

వేదాంత విద్య తరగతి గదిని దాటి వెళ్లుట కొత్త సంగతి కాదు. 1963లో గ్వాటెమాలా దేశములోని ప్రెస్బిటేరియన్ సెమినరీ, ఊరు విడిచి రాలేని సంఘ నాయకుల యొద్దకే పాఠములను తీసికొనిపోవు విధానమును ఆరంభించినది. 1971లో బెంగళూరు కేంద్రముగా ఏర్పడిన టాఫ్టీ సంస్థ ద్వారా ఆ విధానము మన దేశములో వేరూనినది. 1982లో స్థాపించబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, అనగా నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, సాధారణ విద్యలో అదే పని చేసినది. ఈ ఏర్పాట్లన్నిటిలోను పాఠమనగా ప్రధానముగా అచ్చు పుస్తకమే. అచ్చయిన పుట అందరికీ ఒకటే. దానిలో తప్పు దొరలినయెడల తప్పొప్పుల పట్టిక వేరుగా అచ్చువేసి పంపవలసినదే. ఏ పుటలో, ఏ పంక్తిలో, ఏమి మారినదో ఆ పట్టికలో ఉండును. దానిని చూచిన విద్యార్థికి రెండు సంగతులు తెలియును: పాఠము మారినది, మార్చినవారు మారినదని చెప్పినారు.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధించబడిన తరువాత అనేక వేదాంత కళాశాలలు కూడ ఇంటర్నెట్ ద్వారా బోధింపవలసి వచ్చినది. అప్పటి నుండి పాఠము అచ్చు పుట కాదు. ఏ నిమిషముననైనను మార్చదగిన పుట. ఇప్పుడు ఆ మార్పును సహితము ఉపాధ్యాయుని చెయ్యి కాక, ఒక పనిముట్టు చేయగల కాలము వచ్చినది. హైదరాబాదు–విజయవాడ రహదారికి అద్దంకి రహదారి వచ్చి కలియు మా నార్కట్‌పల్లి వంటి చోట, పగలు పనికి వెళ్లి రాత్రివేళ ఫోనులో పాఠము చదువుకొను సేవకునికి ఈ మార్పు దూరపు సంగతి కాదు. అతని యెదుట ఉన్న ఉపాధ్యాయుడు ఆ పుటయే.

పుటను వ్రాయు పనిని పనిముట్టుకు అప్పగించుట తప్పు కాదు. అయితే ఆ పుటను ఎవరు చూడవచ్చును, ఎవరు దిద్దవచ్చును, మార్పు ఎవరికి తెలుపవలెను అను నిర్ణయములు కాపరి పనిలోనివి. వాటిని పనిముట్టుకు విడిచిపెట్టరాదు. ఈ వ్యాసములో మేము నిరూపింపదలచినది ఇదే.

1. పుటకు గల అమరికలు

మా పరిశీలనకు కాన్వాస్ అను బోధనా వేదికను తీసికొనుచున్నాము. అమెరికాలోని యూటా రాష్ట్రమందు 2008లో ఆరంభమైన ఇన్‌స్ట్రక్చర్ సంస్థ దీనిని తయారుచేసినది. 2011లో దీని మూల సంకేతమును బహిరంగము చేసినది. బయటి పనిముట్లు దీనితో ఎట్లు మాటలాడవలెనో తెలుపు నియమావళి ఎవరైనను చదువుకొనుటకు వీలుగా ప్రచురింపబడియున్నది. బహిరంగముగా ఉన్నది గనుకనే విమర్శకు నిలుచును. 2002లో మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియాలో విడుదల చేసిన మూడిల్ వేదిక వాడువారు కూడ వివరములలో భేదమున్నను, ఇవే ప్రశ్నలను తమ వేదికను గూర్చి అడుగవలెను.

కాన్వాస్‌లో ఒక పుటకు ఈ ముఖ్యమైన అమరికలు కలవు. పుట శీర్షిక, పుటలోని విషయము, పుట ప్రచురింపబడినదా లేక చిత్తుప్రతిగా ఉన్నదా, ఏ తేదీన ప్రచురింపబడవలెను, ఆ కోర్సుకు అది మొదటి పుటయా కాదా, దానిని ఎవరు దిద్దవచ్చును, మార్పు జరిగినట్లు పాల్గొనువారికి తెలుపవలెనా వద్దా. దిద్దుబాటు హక్కునకు నియమావళి నాలుగు పేర్లు చెప్పుచున్నది: ఉపాధ్యాయులు, విద్యార్థులు, సభ్యులు, ప్రజలు.

ఈ జాబితాను సంఘ పరిపాలన ఎరిగినవారు చదివినయెడల ఇది సాంకేతిక జాబితాగా మాత్రమే కనబడదు. ప్రచురణ అనగా బలిపీఠము యొద్ద నుండి ప్రకటన చేయుట. మొదటి పుట అనగా ఆలయ ద్వారము. దిద్దుబాటు హక్కు అనగా సంఘ పుస్తకములో వ్రాయుటకు ఎవరికి అధికారమున్నదను ప్రశ్న. తెలియజేయుట అనగా ఆదివారము ఆరాధన చివర ప్రకటనలు చదువుట. సంఘములో ఈ నాలుగు పనులకు నలుగురు వేరువేరు మనుష్యులు, లేక ఒక కమిటీ, జవాబు చెప్పవలసియుండును. వేదికలో ఇవి నాలుగు చిన్న గడులు మాత్రమే. గడి చిన్నది గనుక నిర్ణయము కూడ చిన్నదని తలంచుటయే మొదటి పొరపాటు.

2. పనిముట్టు పనిచేయు విధము

ఉపాధ్యాయుడు తెర మీద ఒక గడిని నొక్కుటకు బదులు, ఒక చిన్న ప్రోగ్రాము వేదికకు విన్నపము పంపును. ఏ కోర్సు, ఏ పుట, ఏ అమరికను ఏమి చేయవలెను అని ఆ విన్నపములో ఉండును. ముప్పది పాఠముల పుటలన్నిటిని ఒకేసారి ప్రచురించుటకు, వచ్చే నెల మొదటి తేదీన తెరచుకొనునట్లు అమర్చుటకు ఇది మిక్కిలి ఉపయోగకరము. ఒక ఉపాధ్యాయుడే నాలుగు విషయములు బోధించు చిన్న కళాశాలలలో ఇది గంటల శ్రమను మిగుల్చును. ఈ మేలును మేము కాదనము.

2024 నవంబరులో ఆంథ్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఒక బహిరంగ ప్రమాణమును ప్రకటించినది. దాని వలన కృత్రిమ మేధ వ్యవస్థలు ఇతర వేదికల పనిముట్లను పిలిచి వాడుకొనుటకు మార్గమేర్పడినది. కాన్వాస్‌కు అట్టి అనుసంధానములను పలువురు తయారుచేసిరి. ఇప్పుడు ఉపాధ్యాయుడు ప్రోగ్రాము వ్రాయనక్కరలేదు. రెండవ వారపు పుటలను సవరించి విద్యార్థులకు కనబడునట్లు చేయుమని మాటలలో చెప్పిన చాలును. ఆ మాటను ఏ విన్నపములుగా మార్చవలెనో యంత్రమే నిర్ణయించును.

ఇక్కడ మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది, పుట విషయమును మార్చు విన్నపము పంపినయెడల, పంపిన విషయము పాత విషయము స్థానములో మొత్తముగా వచ్చి కూర్చుండును. ఒక వాక్యమును దిద్దదలచిన యంత్రము పుటనంతటిని తిరిగి వ్రాసి పంపును. ఆ తిరిగి వ్రాయుటలో ఒక లేఖన సంఖ్య జారిపోయినను, ఒక పేరా కుదించబడినను వేదిక అడ్డుచెప్పదు. రెండవది, శీర్షిక మార్చినయెడల పుట చిరునామా కూడ మారునని నియమావళియే హెచ్చరించుచున్నది. పాత చిరునామా నుండి కొత్తదానికి మళ్లించు ఏర్పాటు ఉన్నచోట ఇబ్బంది తగ్గును. లేనిచోట వాట్సాప్‌లో ఆ చిరునామాను దాచుకొనిన విద్యార్థికి తలుపు మూయబడినట్లే. మూడవది, ఆ చిరునామాలో పుట లేనియెడల ఆ విన్నపమే కొత్త పుటను సృష్టించును. దిద్దుమని చెప్పిన పని తెలియకుండనే సృష్టిగా మారవచ్చును. అప్పుడు ఒకే పాఠమునకు రెండు పుటలుండును. ఏది అసలుదో విద్యార్థికి తెలియదు.

3. చరిత్ర దేనిని జ్ఞాపకముంచుకొనును?

పుటకు చరిత్ర ఉన్నది గదా, పాత ప్రతికి తిరిగి వెళ్లవచ్చును గదా అని కొందరు చెప్పుదురు. నిజమే. కాన్వాస్ పుట యొక్క పూర్వప్రతులను భద్రపరచును. ఏ ప్రతి ఎప్పుడు మారినది, ఎవరు దిద్దిరి, శీర్షిక ఏమి, విషయము ఏమి అని చూపును. కోరిన ప్రతికి పుటను తిరిగి మార్చు విన్నపము కూడ కలదు.

అయితే నియమావళిలో పూర్వప్రతి నమోదునకు చెప్పబడిన అంశములను ఒక్కొక్కటిగా చదివినయెడల ఒక లోటు కనబడును. సంఖ్య, మారిన సమయము, దిద్దినవారు, చిరునామా, శీర్షిక, విషయము ఉన్నవి. దిద్దుబాటు హక్కు ఆ నాడు ఎవరికి ఇవ్వబడియుండెనో ఆ జాబితాలో లేదు. పుట ఆ నాడు విద్యార్థులకు కనబడెనా లేదా అనునది లేదు. మార్పును గూర్చి విద్యార్థులకు తెలియజేయబడెనా లేదా అనునదియు లేదు. అనగా పుట యొక్క చరిత్ర మాటలను జ్ఞాపకముంచుకొనును గాని అధికారమును జ్ఞాపకముంచుకొనదు. విద్యార్థి నెలాఖరున వచ్చి, అయ్యగారూ, నేను చదివినప్పుడు ఈ ప్రశ్న లేదు అని చెప్పినయెడల, మాటలు ఎప్పుడు మారినవో చూపవచ్చును. అతనికి ఎవరైనను చెప్పిరా అని అడిగినయెడల ఆ చరిత్రలో జవాబు దొరకదు.

దిద్దినవారు ఎవరు అను గడిని కూడ పరిశీలింపవలెను. పనిముట్టు వేదికలో ప్రవేశించుటకు టోకెన్ అను ఒక రహస్య సంకేతమును వాడును. ఉపాధ్యాయుడు తన ఖాతాలో తానే తయారుచేసికొను టోకెన్, ఆ ఉపాధ్యాయునికి గల అధికారములన్నిటిని మోయును. ఒక్క పుటకు మాత్రమే, ఒక్క వారమునకు మాత్రమే అని పని పరిధిని బట్టి అది కుదించబడదు. పరిమితులు విధింపదగిన వేరొక ఏర్పాటు ఉన్నది గాని అది వేదిక నిర్వాహకుల చేతిలోనిది. కావున యంత్రము చేసిన ప్రతి మార్పు ప్రక్కన ఉపాధ్యాయుని పేరే పడును. ఏ మనుష్యుడును చూడని మార్పునకు మనుష్యుని సంతకము!

4. ముద్ర, లేఖకుడు, సంతకము

టోకెన్‌ను గూర్చి ఆలోచించునప్పుడు మాకు ఎస్తేరు గ్రంథము తోచుచున్నది. అహష్వేరోషు రాజు తన చేతి ఉంగరమును తీసి హామానునకు ఇచ్చెను (ఎస్తేరు 3:10). తరువాత లేఖలు రాజు పేరట వ్రాయబడెను, రాజు ఉంగరముతో ముద్రింపబడెను, అంచెగాండ్రు వాటిని సంస్థానములన్నిటికి తీసికొనిపోయిరి. ఆ లేఖలలోని ఒక్క మాటనైనను రాజు చదివినట్లు గ్రంథము చెప్పదు. రాజు చేసిన తప్పు లేఖ వ్రాయుట కాదు. హద్దు లేకుండ ఉంగరము ఇచ్చుట. అదే ఉంగరము తరువాత మొర్దెకై చేతికి వచ్చినప్పుడు రక్షణార్థమైన లేఖ వెళ్లినది (8:2, 8-10). అయినను రాజు ముద్రపడిన మొదటి తాకీదును ఎవరును రద్దుచేయలేకపోయిరి. దానికి ఎదురుగా మరియొక తాకీదు వ్రాయవలసివచ్చెను. ముద్ర మంచివాని చేతిలో ఉన్నదా చెడ్డవాని చేతిలో ఉన్నదా అను ప్రశ్న ముఖ్యమే. అంతకంటె ముందు, ముద్రకు హద్దు ఉన్నదా అని అడుగవలెను.

దీనికి ప్రక్కన అపొస్తలుడైన పౌలు పద్ధతిని పెట్టి చూడుడి. రోమా పత్రికను చేత వ్రాసినవాడు తెర్తియు. అతడు దాగియుండలేదు, తన పేరు చెప్పి వందనము పంపెను (రోమా 16:22). లేఖకుని సహాయము పొందుట అపొస్తలునికి చిన్నతనము కాలేదు. అయితే థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక చివర, తన చేతివ్రాతయే ప్రతి పత్రికకు గురుతని పౌలు తెలిపెను (2 థెస్స 3:17). ఒనేసిము అప్పును గూర్చి ఫిలేమోనునకు మాట ఇచ్చునప్పుడు, తానే తీర్తునను మాటను తన చేతనే వ్రాసెను (ఫిలే 19). భారము మోయవలసిన చోట చెయ్యి మార్చలేదు. మన చర్చకు ఇందులో ఒక కొలత దొరుకుచున్నది: వ్రాత తెర్తియుది కావచ్చును, సంతకము పౌలుది కావలెను, తెర్తియు వ్రాసెనన్న సంగతి అందరికీ తెలియవలెను.

మూడవ సాక్ష్యము యిర్మీయా 36వ అధ్యాయములోనిది. బారూకు చదివిన గ్రంథమును వినిన ప్రధానులు భయపడిరి. అయినను రాజునొద్దకు పోకముందు వారు ఒక ప్రశ్న అడిగిరి. ఈ మాటలు ఎట్లు వ్రాయబడెను అనునదే ఆ ప్రశ్న. బారూకు తడబడక, పలికినవాడు ఎవరో, సిరాతో వ్రాసినవాడు ఎవరో స్పష్టముగా చెప్పెను (36:17-18). పుట ఎట్లు పుట్టినదని అడుగుట అవిశ్వాసము కాదు, బాధ్యత గలవారి పని. యెహోయాకీము ఆ గ్రంథమును కోసి అగ్నిలో వేసినను, అది తిరిగి వ్రాయబడినది, మరికొన్ని మాటలు చేర్చబడినవి. చేర్చబడినవన్న సంగతి కూడ గ్రంథము దాచలేదు (36:32).

5. పహాణీ నేర్పిన పాఠము

ఇదంతయు గ్రంథ చర్చ మాత్రమేనని ఎవరైనను అనుకొనినయెడల, మన నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల రైతును అడుగవలెను. ఒక పుటలోని ఒక్క గడి మనుష్యుని బ్రతుకును ఎట్లు మార్చునో అతనికి తెలియును.

పాత పహాణీలో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు కాలమ్ ఉండెడిది. 2020 అక్టోబరు 29న తెలంగాణలో ధరణి పోర్టల్ ప్రారంభమైనది. ఆ రికార్డులో అనుభవదారు కాలమ్ లేకపోయినది. కొందరి భూములు నిషేధిత జాబితాలో చేరినట్లు అమ్మబోయినప్పుడో, అప్పు తీసికొనబోయినప్పుడో గాని వారికి తెలియలేదు. తహసీలుదారు ఎదుట నిలిచినను, సరిదిద్దు అధికారము తన యొద్ద లేదను జవాబు విని తిరిగి వచ్చినవారు అనేకులు. ఆ పోర్టల్ స్థానములో 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చినది. కొత్త చట్టములో అప్పీలునకు అవకాశము కల్పించబడినది.

రాజకీయముగా ఏ పక్షమును సమర్థించుటకు మేము దీనిని ప్రస్తావించుట లేదు. కంప్యూటరు వచ్చుట వలన నష్టము కలిగెనని చెప్పుటయు మా ఉద్దేశము కాదు. త్వరగా రిజిస్ట్రేషను జరిగి మేలు పొందినవారును ఉన్నారు. మేము చెప్పునది ఇది: పుటలో ఏ గడి ఉండవలెను, ఏది తీసివేయవలెను, మారినప్పుడు ఎవరికి చెప్పవలెను, తప్పయితే ఎవరి యొద్దకు పోవలెను అనునవి అమరికలుగా కనబడు న్యాయ ప్రశ్నలు. మన సంఘములలో సగము మంది ఈ ప్రశ్నల వెనుక చెప్పులు అరుగునట్లు తిరిగినవారే. అట్టి ప్రజలలోనుండి వచ్చిన విద్యార్థికి వేదాంత కళాశాల కూడ చెప్పకుండ మారు పుటనే ఇచ్చినయెడల, న్యాయమును గూర్చి మనము చేయు బోధ ఎక్కడ నిలుచును?

అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని ఉపమానమందు సహితము (లూకా 16:1-8) ఒక విశేషమున్నది. చీటీ మార్చబడినది, నిజమే. కాని ఋణస్థుడే కూర్చుండి తన చీటీని తానే వ్రాసెను. మార్పు ఎవరికి సంబంధించినదో అతనికి తెలిసియే జరిగెను. ఆ కనీసపు తెలివిడి కూడ మన విద్యార్థికి లేకుండ పోరాదు.

6. రెండు అభ్యంతరములు

ఒకటి, ఉపాధ్యాయుడు చేతితో మార్చినను విద్యార్థికి చెప్పకపోవచ్చును గదా, యంత్రమును ఎందుకు నిందించవలెను? ఈ అభ్యంతరములో సత్యమున్నది. కాన్వాస్ తెర మీద కూడ తెలియజేయు గడిని మార్పు చేసినప్పుడెల్ల ఉపాధ్యాయుడే గుర్తుపెట్టవలెను. మరచిన ఉపాధ్యాయుడు యంత్రము రాకముందును ఉన్నాడు. అయితే చేతితో దిద్దువాడు ఒక పుటను మరచును. పనిముట్టుకు ఒకసారి తప్పుగా చెప్పబడినది ముప్పది పుటలలో ఒకే గడియలో జరుగును. పైగా చేతితో దిద్దువానికి ఆ గడి కంటి యెదుట కనబడును. మాటలలో ఆజ్ఞ ఇచ్చువానికి ఆ గడి ఉన్నదనియే కనబడదు. మరచిపోవుట వేరు, ప్రశ్న అడుగబడకపోవుట వేరు.

రెండవది, ప్రమాణములే జాగ్రత్తలు చెప్పుచున్నవి గదా? అవును. పనిముట్టు పిలువబడునప్పుడు దానిని నిరాకరింపగల మనుష్యుడు మధ్యలో ఉండవలెనని పైన చెప్పిన ప్రమాణము సలహా ఇచ్చుచున్నది. ఏ పనిముట్టు చదువుటకు మాత్రమే, ఏది నాశనము చేయగలదు అని గుర్తులు పెట్టుటకును వీలు కల్పించినది. అయితే ఆ గుర్తులు సూచనలు మాత్రమేననియు, వాటిని గుడ్డిగా నమ్మరాదనియు ఆ ప్రమాణమే ఒప్పుకొనుచున్నది. అంతేకాదు, ప్రతిసారి అనుమతి అడుగు తెర వచ్చినప్పుడు చదువకయే సరే నొక్కు అలవాటు మనకందరికీ ఎరుకయే. మధ్యలో మనుష్యుడు ఉండుట చాలదు. ఉన్న మనుష్యుడు చదువవలెను.

7. ఆచరణకు కొన్ని సూచనలు

కళాశాల అధ్యాపక సభలు ఈ క్రింది వాటిని ఆలోచింపవలెనని మనవి చేయుచున్నాము.

మొదటిది, అమరికలను రెండుగా విభజింపవలెను. అక్షర దోషములు, పుట రూపము, తేదీల ప్రకారము పుటలు తెరచుట పనిముట్టుకు ఇవ్వవచ్చును. దిద్దుబాటు హక్కు, ప్రచురించిన పుటను దాచుట, మొదటి పుటను మార్చుట, పరీక్షకు లేక మార్కులకు సంబంధించిన విషయము మాత్రము పేరుగల ఒక మనుష్యుని ఆమోదము లేకుండ మారరాదు.

రెండవది, పనిముట్టుకు ఉపాధ్యాయుని సొంత టోకెన్ ఇవ్వరాదు. కొద్ది అధికారములు గల వేరొక ఖాతాను దానికి ఏర్పరచి, పుట చరిత్రలో ఆ ఖాతా పేరే పడునట్లు చేయవలెను. తెర్తియు తన పేరటనే వందనము చెప్పవలెను. సెమిస్టరు ముగిసినప్పుడు ఆ ఉంగరమును తిరిగి తీసికొనవలెను.

మూడవది, పుట చరిత్ర దాచని దానిని మనమే దాచవలెను. అమరికలు మార్చుటకు ముందును తరువాతను వాటిని చదివి ఒక పట్టికగా భద్రపరచుట పనిముట్టుకు సులభమైన పని. మార్పు చేయుటకంటె మొదట ఈ పనికి దానిని వినియోగించుట మేలు.

నాలుగవది, పాఠ విషయము మారిన ప్రతి పుట చివర తెలుగులో రెండు పంక్తుల తప్పొప్పుల పట్టిక ఉండవలెను. ఏమి మారినది, ఎప్పుడు, ఎవరి ఆమోదముతో అనునవి అందులో ఉండవలెను. వేదిక పంపు సమాచారము విద్యార్థి పెట్టుకొనిన అమరికలను బట్టి అతనికి చేరకపోవచ్చును. పుటలోనే ఉన్న మాట పుటను తెరచిన ప్రతివానికి చేరును. పాత పుటను ఫోనులో దాచుకొని సిద్ధపడిన విద్యార్థికి ఆ పాత పుట ప్రకారమే మార్కులు వేయవలెను.

ముగింపు

యంత్రము పుటను ముట్టరాదను వారితో మేము ఏకీభవించుట లేదు. లేఖకుని చెయ్యి లేకుండ మనకు రోమా పత్రిక చేరియుండెడిది కాదు. యంత్రమునకు అంతయు అప్పగించి విశ్రమింపవచ్చునను వారితోను ఏకీభవించుట లేదు. గృహనిర్వాహకుడు నమ్మకమైనవాడై యుండవలెనని కొరింథీయులకు వ్రాసిన అపొస్తలుడు (1 కొరింథీ 4:2) ఆ నమ్మకత్వమును మనుష్యుని యొద్దనే కోరెను. పనిముట్టు యొద్ద కోరదగినది ఖచ్చితత్వము. ఒకదానికి బదులు మరియొకటి చాలదు.

పుట ఎట్లు వ్రాయబడెనని ప్రధానులు అడిగినప్పుడు బారూకు యొద్ద జవాబు ఉండెను. మన పుటను గూర్చి ఒక గ్రామ సేవకుడు అదే ప్రశ్న అడిగినప్పుడు కళాశాల యొద్దను జవాబు ఉండవలెను. ఆ జవాబు సిద్ధము చేసికొనకముందు టోకెన్‌ను ఏ పనిముట్టు చేతిలోను పెట్టరాదని మా అభిప్రాయము.